మా తమ్ముడి డిశ్చార్జి రద్దయింది: టైపు షాపు బాబాయి గారికి, మిగతా అందరికీ కృతజ్ఞతలు

మా తమ్ముడిని ఆర్మీలోంచి పంపించేసిన ఆర్డరును చెన్నైలోని ఆర్మ్‌డ్ ఫోర్సెస్ ట్రిబ్యునల్, అంటే సైనికుల సర్వీసు కేసులు చూసే కోర్టు, కొట్టేసింది. వాడిని తిరిగి సర్వీసులోకి తీసుకోవాలని, మధ్యలో పోయిన కాలాన్ని కూడా సర్వీసుగానే లెక్కకట్టాలని చెప్పింది. కాపీ నిన్న సాయంత్రం చేతికొచ్చింది. రాత్రి ఎవరికీ నిద్ర లేదు. కళ్లు మండుతున్నాయి, అయినా ఇప్పుడే రాయాలి. నాలుగు రోజులు పోతే పనుల్లో పడిపోతాం, చెప్పాల్సిన వాళ్లకు చెప్పకుండానే రోజులు గడిచిపోతాయి.

సంగతి తెలియని వాళ్ల కోసం క్లుప్తంగా చెబుతాను. వాడు సిపాయిగా చేరి నాయక్ అయ్యాడు. 12 ఏళ్ల సర్వీసు. సిపాయిలకు పెన్షన్ రావాలంటే 15 ఏళ్లు నిండాలి. మంచు ప్రాంతంలో పోస్టింగ్‌లో ఉండగా యూనిట్‌లో మూత్ర పరీక్షలు చేశారు. వీడి శాంపిల్‌లో నల్లమందు జాతి పదార్థం ఉన్నట్టు కిట్టు చూపించింది. దాన్ని రూఢి చేసుకోవడానికి మళ్లీ పరీక్ష చేయలేదు. షోకాజ్ నోటీసు ఇచ్చారు, వీడు వచ్చీరాని హిందీలో రాసిచ్చాడు, అది ఎవరు చదివారో తెలియదు. ఆర్మీ రూల్స్ 1954లో 13వ రూలు కింద ‘సర్వీసు ఇక అవసరం లేదు’ అని కాగితం ఇచ్చి రైలెక్కించారు.

గుంటూరులో దిగేసరికి అది గంజాయి కేసైపోయింది. మా వీధిలో ‘గంజాయి బ్యాచ్ అంట’ అని మా అమ్మకు వినపడేలాగే అనుకున్నారు. కుదిరిన సంబంధం వాళ్లు ఫోన్లు ఎత్తడం మానేశారు. వాడు గది తలుపు వేసుకుంటే అన్నం ప్లేటు బయటే పెట్టి వచ్చేవాళ్లం. చుట్టాలు, తెలిసిన లాయర్లు, ఎవరి దగ్గరికి వెళ్లినా మొదటి మాట ఒకటే. ‘నిజం చెప్పండి, తీసుకున్నాడా?’ కాదని చెప్పినా ముఖాల్లో నమ్మకం కనపడేది కాదు. దగ్గు మందు తాగానని వాడు మొదటి నుంచీ చెబుతూనే ఉన్నాడు. దొరికిన ప్రతివాడూ అదే చెబుతాడు కదా అని మా పెద్దనాన్నే అన్నారు.

ఇక టైపు షాపు బాబాయి గారి గురించి. పేరు రాయొద్దని గట్టిగా చెప్పారు కాబట్టి రాయడం లేదు. కోర్టుకు ఎదురు సందులో చిన్న టైపింగ్, జిరాక్సు షాపు ఆయనది. నాకు అంతకుముందు ఆయన ముఖం కూడా తెలియదు. దయాభిక్ష అర్జీ ఒకటి ఎవరో రాసిస్తే, శుభ్రంగా టైపు చేయించుకుందామని ఆ షాపుకు వెళ్లాను. ఆయన రెండు లైన్లు కొట్టి ఆగారు. కాగితం మొదటి నుంచి చివరి దాకా చదివారు. కళ్లజోడు తీసి, ‘ఇది నేను కొట్టనమ్మా’ అన్నారు. నాకు కోపం వచ్చింది. ఈయన కూడానా అనుకున్నాను.

‘తప్పైపోయింది, క్షమించండి అని ఉంది ఇందులో. ఇది పంపితే చేశానని సంతకం పెట్టి ఇచ్చినట్టే. మీ తమ్ముడిది ఏ యూనిట్?’

ఏ యూనిట్ అని అడిగిన మొదటి మనిషి ఆయనే. తీసుకున్నాడా అని ఆ రోజు అడగలేదు, నిన్నటి దాకా అడగలేదు. ఆయన ఆర్మీలో క్లర్కుగా చేసి సుబేదారుగా రిటైరయ్యారని అప్పుడు తెలిసింది. ‘అబ్బాయిని తీసుకురా తల్లీ, ఇంట్లో ఉన్న ప్రతి కాగితం తీసుకురా, చెత్త అనుకున్నది కూడా’ అన్నారు.

తమ్ముడు రానన్నాడు. బతిమాలి తీసుకెళ్లాం. షాపు గడప దగ్గరే తలొంచుకుని నిలబడ్డాడు. బాబాయి గారు కుర్చీలోంచి లేచి, ‘ఆయియే నాయక్ సాబ్’ అన్నారు. ఇంటికొచ్చాక వాడిని ర్యాంకుతో పిలిచింది ఎవరూ లేరు. హవాయి చెప్పుల్లోనే మడమలు దగ్గరికి చేర్చి నిటారుగా నిలబడ్డాడు మా వాడు. నేను పక్కకు తిరిగి జిరాక్సు మిషన్ వైపు చూస్తూ ఉండిపోయాను.

షట్టరు సగం దించి, మధ్యాహ్నం బేరాలన్నీ వదులుకుని ఆ సంచీలో కాగితాలు చదివారాయన. ప్రతి లైను కింద స్టీలు స్కేలు పెట్టి, బియ్యంలో రాళ్లు ఏరినట్టు ఒక్కో మాటా చూశారు. చీకటి పడే వేళకు మడతలు పడి నలిగిపోయిన చీటీ ఒకటి బయటపడింది. యూనిట్ ఎంఐ రూములో, అంటే జవాన్లకు మందులిచ్చే గదిలో, దగ్గుకు మందు ఇచ్చిన చీటీ. స్టాంపు సగం చెరిగిపోయింది, తేదీ మాత్రం తెలుస్తోంది. పరీక్షకు ముందు రోజుది. మందు పేరు చదివి, వెంటనే కొత్తపేటలో తనకు తెలిసిన మెడికల్ షాపాయనకు ఫోన్ చేశారు. అందులో నల్లమందు జాతికే చెందిన కోడీన్ ఉంటుందని ఆయన చెప్పారు. కోడీన్ ఒంట్లోకి వెళ్లాక కొంత మార్ఫిన్‌గా మారుతుంది. కిట్టు పరీక్షకు ఆ తేడా తెలియదు. నల్లమందు జాతిదని మాత్రమే చూపిస్తుంది. అది డాక్టరు రాసిచ్చిన సిరప్పా, మరొకటా అన్నది తేల్చడానికి అదే శాంపిల్‌ను ల్యాబ్‌లో క్రొమటోగ్రఫీ మిషన్ మీద మళ్లీ చూడాలి, దాంతోపాటు రోగి ఏ మందులు వాడుతున్నాడో రికార్డు తీయాలి. ఆ రెండూ జరగలేదు.

ఆ తర్వాత దారంతా ఆయన చూపించిందే. పది రూపాయల పోస్టల్ ఆర్డర్ పెట్టి సమాచార హక్కు కింద మెడికల్ రికార్డులు, విచారణ కాగితాలు అడిగించారు. ఎవరి పరువుకు సంబంధించిన కోర్ట్ ఆఫ్ ఎంక్వైరీ అయినా ఆర్మీ రూల్ 180 ప్రకారం ఆ మనిషిని కూర్చోబెట్టాలని, సాక్షులను ప్రశ్నించే అవకాశం ఇవ్వాలని చెప్పారు. వీడి విషయంలో అదీ సరిగా జరగలేదని కాగితాలు వచ్చాక తేలింది. ఆర్మీ యాక్ట్ 1950లో 26వ సెక్షన్ కింద స్టాట్యూటరీ కంప్లైంట్, అంటే చట్టం ప్రకారం పైఅధికారులకు ఇచ్చుకునే ఫిర్యాదు, ముందు వేయాలి, ఉన్న దారులు వాడుకోకుండా నేరుగా వెళితే ట్రిబ్యునల్ మామూలుగా తీసుకోదు అన్నారు. 1988 డిసెంబరు 28 నాటి ఆర్మీ హెడ్‌క్వార్టర్స్ లెటరు సంగతి ఆయనకు నోటికి వచ్చు. రెడ్ ఇంక్ ఎంట్రీలు, అంటే సర్వీసు రికార్డులో ఎర్ర సిరాతో రాసే శిక్షలు, నాలుగు పడినా డిశ్చార్జి తప్పనిసరి కాదని, ముందు ప్రాథమిక విచారణ చేయాలని, సర్వీసు ఎంత, ఎంత కష్టమైన చోట్ల చేశాడు, పెన్షన్‌కు దగ్గరలో ఉన్నాడా అన్నవి చూడాలని అందులో ఉంది. 2015లో వీరేంద్ర కుమార్ దూబే కేసులో సుప్రీంకోర్టు కూడా ఆ లెటరు పట్టుకునే సిపాయికి న్యాయం చేసింది. ‘నాలుగు ఎంట్రీలు పడినవాడికే అంత చూడాలంటే, ఒక్కటీ లేని మనవాడికి?’ అనేవారు బాబాయి గారు. ఆ మాటే తర్వాత మా లాయరమ్మ కోర్టులో అడిగారు.

డబ్బు సంగతి ఎత్తితే జిరాక్సు కాగితాల ఖర్చు మాత్రం తీసుకుని చీటీ రాసిచ్చేవారు. ఓసారి నేను బలవంతంగా కవరు ఇవ్వబోతే చేయి అడ్డం పెట్టారు. ‘సర్వీసులో ఉన్నప్పుడు ఇలా పంపించేసే కాగితాలు నేనే టైపు కొట్టానమ్మా. పేరు, నంబరు, రూలు. ఆ పిల్లలు ఇళ్లకు వెళ్లి ఏమయ్యారో ఎప్పుడూ తెలియలేదు. దీనికి నన్ను డబ్బు తీసుకోమనకు’ అన్నారు. మళ్లీ ఆ మాట ఎత్తలేదు నేను.

హియరింగ్‌కు వెళ్లే రోజు సంగతి ఒకటి చెప్పి తీరాలి. మేం ముందు రాత్రి విజయవాడలో ఆడపడుచు ఇంట్లో పడుకుని పొద్దున్నే పినాకిని ఎక్కడానికి స్టేషన్‌కు వెళ్లాం. ఇంకా తెల్లారలేదు. ప్లాట్‌ఫారం మీద బాబాయి గారు ఫైలు చంకన పెట్టుకుని నిలబడి ఉన్నారు. రాత్రి పడుకోబోతూ చూసుకుంటే విషయసూచికలో పేజీ నంబర్లు రెండు చోట్ల తప్పుగా కనిపించాయట. మళ్లీ షాపు తెరిచి, మొత్తం కొత్తగా కొట్టి, ట్యాగు వేసి, గుంటూరులో తొలి బస్సు పట్టుకుని వచ్చారు. ‘ఫోన్ చేస్తే మీకు టెన్షన్ అవుతుందని చేయలేదు’ అన్నారు. గెడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని ఉన్నారు, ఆయనే హియరింగ్‌కు వెళుతున్నంత శ్రద్ధగా. నేను ఆయన కాళ్లకు దండం పెట్టబోయి అక్కడే కూర్చుని ఏడ్చేశాను. రైలు వచ్చే దాకా ఆ అలుపంతా ఒక్కసారి బయటికొచ్చింది. సొంత మేనమామ గుమ్మం దాకా రాని రోజుల్లో, ఏ బంధుత్వమూ లేని మనిషి రెండు పేజీ నంబర్ల కోసం నిద్ర మానుకుని వచ్చారు.

అమ్మ, మా ఆయన, మరిది, ఆడపడుచు వాళ్లు అన్నీ చేశారు, చేస్తారు కూడా. వాళ్లకు వేరే చెప్పేదేముంది.

ఒక్క మాట మాత్రం అనకుండా ఉండలేను. తప్పు చేశాడని తేల్చడానికి ఒక కిట్టు, ఒక మధ్యాహ్నం చాలాయి. చేయలేదని చెప్పుకోవడానికి మాత్రం నెలల తరబడి తిరగాలా? మేం కాగితాలు అడిగిన ఓ కార్యాలయం వాళ్లు ‘సంబంధిత విభాగానికి పంపాం’ అని రాస్తారు, ఆ విభాగం మళ్లీ వీళ్ల దగ్గరికే పంపుతుంది. స్టాట్యూటరీ కంప్లైంట్‌కు ఆరు నెలలైనా ‘అందింది’ అన్న ముక్క కూడా రాలేదు. ఆంధ్ర, తెలంగాణ రెండూ చెన్నై బెంచి కిందికే వస్తాయి. ఒక ఊరికి మిలటరీ మాధవరం అనే పేరే పడిపోయిన రాష్ట్రం మనది. పల్లెల్లో సైన్యానికి పిల్లల్ని పంపినవాళ్లు ఎందరో ఉన్నారు. వాళ్లలో ఎవరికి అన్యాయం జరిగినా భాష రాని ఊరికి ఫైలు మోసుకుంటూ పోవాలా? డ్రగ్స్ విషయంలో సైన్యం గట్టిగా ఉండాల్సిందే, తుపాకీ పట్టుకునే చేతులు అవి. కానీ రెండో పరీక్ష చేయకుండా, సొంత ఎంఐ రూము రిజిస్టరు తిప్పి చూడకుండా ఒక మనిషి జీవితాన్ని ఇంటికి పంపేయడం గట్టితనం కాదు. ఇది ఇంకెవరికీ జరగకూడదు.

ఇలాంటి కాగితం చేతిలో ఉన్నవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోండి. తుది ఆర్డరు వచ్చిన తేదీ నుంచి ఆరు నెలల్లోపు ట్రిబ్యునల్‌కు వెళ్లాలి. కంప్లైంట్ వేసి ఆరు నెలలు జవాబు రాకపోతే, ఆ పైన ఆలస్యం చేయకుండా ట్రిబ్యునల్‌కు వెళ్లండి. పోస్టు రసీదులు పారేయకండి. మందుల చీటీలు అసలు పారేయకండి. గుంటూరు, నరసరావుపేట, తెనాలి వైపు వాళ్లెవరైనా ఉంటే నాకు చెప్పండి, బాబాయి గారి దగ్గరికి నేనే తీసుకెళతాను. ఆయన సరేనన్నారు.

అయ్యో, మా లాయరమ్మ గురించి సరిగా రాయనేలేదు. చెన్నైలో ఆవిడ ఫీజులో సగం చివర్లో ఇవ్వమన్నారు, తమ్ముడికి కోర్టులో ఏం జరుగుతోందో ప్రతిసారీ వచ్చీరాని తెలుగులో ఓపిగ్గా చెప్పారు. వాదించి గెలిపించింది ఆవిడే. కొత్తపేట మెడికల్ షాపాయన కోడీన్ గురించి పుస్తకంలో పేజీలు వెతికి జిరాక్సు తీసిచ్చారు. సెంట్రల్ స్టేషన్ దగ్గర లాడ్జిలో నెల్లూరు కుర్రాడు మా వాడు ఎక్స్ సర్వీస్‌మన్ అని తెలిసి గది అద్దె తగ్గించాడు. ఇంకా ఎక్స్ కాదు బాబూ, సర్వీస్‌మనే, ఈ సారి వస్తే చెబుతాం. నేను లేని రోజుల్లో మా పాపను స్కూలుకు దింపిన ఎదురింటి రమాదేవక్కకు, యార్డులో నా లెక్కలు కూడా చూసుకుని సెలవుకు అడ్డు చెప్పని మా కమిషన్ షాపు యజమానికి, రిజిస్టర్డ్ పోస్టులో పిన్‌కోడ్ తప్పుంటే కవరు వెనక్కిచ్చి దిద్దించిన పోస్టాఫీసు మేడం గారికి. ఇంకా తమ్ముడి పాత యూనిట్‌లోంచి ఫోన్ చేసి ‘ఆ రోజు ఎంఐ రూముకు నేనే తీసుకెళ్లాను’ అని అఫిడవిట్ ఇచ్చిన ఆ ఒడిశా అబ్బాయికి. అతని ఉద్యోగానికి ఇబ్బంది అవుతుందని తెలిసీ ఇచ్చాడు. అతని పేరు కూడా రాయను, కానీ మా అమ్మ రోజూ దీపం పెట్టేటప్పుడు అనుకునే పేర్లలో అదొకటి.