2024–25 వార్షిక నివేదిక: ఓటరు నమోదు, పోలింగ్ పనులు

సర్వసభ్య సమావేశానికి విచ్చేసిన సభ్యులందరికీ నమస్కారం. 2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి వరకు సంఘం చేసిన పనుల నివేదిక ఇది. మన ఆశయాలు మీకు తెలిసినవే కాబట్టి మళ్లీ రాయడం లేదు. ఈ ఏడాది మన ఓపికంతా దాదాపు ఒకే పనికి పోయింది, అది ఓటర్ల పని.

లోక్‌సభ ఎన్నికల పోలింగ్ 2024 మే 13, సోమవారం. ముందు రెండో శనివారం, ఆదివారం. క్యాలెండర్ చూడగానే అధ్యక్షులవారు "మూడు రోజులు వరుసగా సెలవొస్తే ఊళ్లో ఎవరుంటారండీ" అన్నారు. జనానికి బద్ధకం, తలుపు తట్టి నాలుగు మాటలు చెబితే కదులుతారని మేమూ అనుకున్నాం. "ఓటు వేయనివాడికి ప్రశ్నించే హక్కు లేదు" అని పెద్దక్షరాలతో కరపత్రం కూడా వేయించాం. ఆ మాట చట్టంలో ఎక్కడా లేదని మన సభ్యులైన వకీలుగారు నవ్వారు. రెండు వీధులు తిరిగేసరికి కరపత్రాలు సంచిలోనే ఉండిపోయాయి. "వేద్దామనే ఉంది, లిస్టులో నా పేరే లేదు" అన్నవాళ్లే ఎక్కువ తగిలారు మరి.

అక్కణ్నుంచే ఏప్రిల్ 7 ఆదివారం సభ పుట్టింది. ఈ ఏడాది సంఘం గర్వంగా చెప్పుకోగలిగిన పని అదొక్కటే, కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను. మన పోలింగ్ కేంద్రం ఓటరు జాబితాను ఎన్నికల సంఘం వెబ్‌సైట్ నుంచి దించి, జెరాక్స్ తీయించి, కుర్చీలు వేసి, ఇంటి నంబర్ల వరసన ఒక్కో పేరూ మైకులో చదివించాం. ఉన్నవాళ్లు చెయ్యెత్తాలి, అంతే. గంటలో అయిపోతుందనుకున్నది మధ్యాహ్నం దాకా సాగింది. ఎప్పుడో ఇల్లు మారిపోయినవాళ్లు, పెళ్లయి వెళ్లిపోయిన అమ్మాయిలు అందరూ జాబితాలో భద్రంగా ఉన్నారు. కాలం చేసిన ఒక మాస్టారి పేరు చదివినప్పుడు వాళ్లబ్బాయి లేచి "ఉండనివ్వండి" అన్నారు. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. సభ అయ్యాక ఆయనే వచ్చి, జాబితాలోంచి పేరు తీయించే ఫారం 7 అడిగి తీసుకున్నారు. మన వాట్సాప్ గ్రూపులో పొద్దున లేస్తే రాజకీయాలు రాసే సభ్యులొకరి పేరు మాత్రం జాబితాలో ఎంత వెతికినా దొరకలేదు. ఎవరో చెప్పను, ఆయన ఇప్పుడు ఇక్కడే కూర్చున్నారు.

ఓటరు కార్డుంటే ఓటున్నట్టే అనుకోవడం ఆ రోజు మాకు కనిపించిన పెద్ద పొరపాటు. కార్డు పర్సులో ఉన్నా పేరు జాబితాలో లేకపోతే ఓటు లేదు. పేరుండి కార్డు పోయినవాళ్లు ఆధార్, పాన్, డ్రైవింగ్ లైసెన్సు, ఫోటో ఉన్న బ్యాంకు పాస్‌బుక్ లాంటివి చూపించి వేయొచ్చు. ఇంటికొచ్చే ఓటరు స్లిప్పు ఒక్కటే చూపిస్తే కుదరదు. కొత్త ఓటుకు ఫారం 6, ఇల్లు మారినా తప్పులు దిద్దాలన్నా ఫారం 8. ఇంత చిన్న సంగతి తెలియకే ఇల్లు మారినవాళ్లు చాలామంది కొన్నేళ్లుగా ఓటుకు దూరమయ్యారు. వాళ్లను మనం బద్ధకస్తులని తిట్టుకున్నాం. తాళం వేసిన ఇళ్ల విషయంలోనూ అదే తప్పు చేశాం. సొంతూళ్లో ఓటున్నవాళ్లు రాత్రంతా బస్సులో నిలబడి మరీ వెళ్లి వేసొచ్చారని తర్వాత తెలిసింది.

నామినేషన్ల గడువు ఏప్రిల్ 25 కాబట్టి దరఖాస్తులు అంతకు చాలా ముందే పడాలి. సభ అయిన మర్నాటి నుంచి టేబుల్ వేసి ఫారాలు నింపించాం. ఆఫీసుకు వెళితే సర్వర్ లేదన్నారు, మరోసారి వెళితే సారు మీటింగులో ఉన్నారన్నారు. కొన్ని దరఖాస్తులు అలా పెండింగులోనే మిగిలాయి. మన బీఎల్‌వో (బూత్ స్థాయి అధికారి) గారిని ఏమీ అనలేం. పొద్దంతా తన ఉద్యోగం చేసుకుని సాయంత్రం ఇల్లిల్లూ తిరిగారావిడ, ఆమెకు ప్రత్యేక కృతజ్ఞతలు. 85 ఏళ్లు దాటినవారికి, 40 శాతం పైబడి వైకల్యం ఉన్నవారికి ఇంటి దగ్గరే ఓటు వేసే వీలుంది. దానికి నోటిఫికేషన్ వచ్చిన ఐదు రోజుల్లో ఫారం 12డి ఇవ్వాలి. ఆ సంగతి మాకు గడువు దాటాక తెలిసింది. ఆ తప్పు కార్యదర్శిగా నాదే.

"నా ఒక్క ఓటుతో ఏమవుతుంది" అన్నవాళ్లకు 1989లో అనకాపల్లి లోక్‌సభ స్థానం 9 ఓట్ల తేడాతో తేలిందని, 2008లో రాజస్థాన్‌లోని నాథ్‌ద్వారాలో ఒక్క ఓటుతోనే గెలుపోటములు తేలాయని చెప్పాం. విని "అవునా" అన్నారు, లోపలికెళ్లి తలుపేసుకున్నారు. "మీ బూత్ బడిలో కుడిచేతి వైపు రెండో గది, పొద్దున్నే అయితే క్యూ ఉండదు" అని చెప్పి, పేరూ వరస నంబరూ రాసిచ్చిన చీటీలే జనాన్ని కదిలించాయి. ఎవరూ నచ్చలేదన్నవాళ్లకు 2013 నుంచి నోటా ఉందని గుర్తుచేశాం. దానికి ఎన్ని ఓట్లొచ్చినా అభ్యర్థుల్లో ఎక్కువ వచ్చినవారే గెలుస్తారన్నదీ దాచలేదు. ఎవరికి వేయాలో మాత్రం మేం ఎవరికీ చెప్పలేదు. ఒక కుర్రాడు మెడలో పార్టీ కండువాతో టేబుల్ దగ్గరికొస్తే ఇంటికి పంపించేశాం.

ఇక వాలంటీర్ల విషయం. గ్రూపులో మెసేజ్ పెట్టగానే బొటనవేళ్లు వరసగా లేచాయి. టేబుల్ దగ్గరికి వచ్చింది ఐదుగురు, అందులో ముగ్గురు మహిళా విభాగం వారే. ఎండలో తిరిగిన ఆ ముగ్గురికీ, మైకు ఇచ్చిన సభ్యులకూ, కుర్చీలు మోసిన పిల్లలకూ, మజ్జిగ పంపిన ఇళ్లవారికీ, తన ప్రింటర్ పాడయ్యేదాకా జాబితా ప్రింట్లు తీసిన ఉపాధ్యక్షులవారికీ సంఘం రుణపడి ఉంది. కార్యవర్గంలోనే ఇద్దరు పోలింగ్ రోజు విహారయాత్రలో ఉన్నారు. ఫోటోలు గ్రూపులో వాళ్లే పెట్టారు కాబట్టి ఇక్కడ రాయడం తప్పు కాదనుకుంటున్నాను.

2025 జనవరి 25న జాతీయ ఓటర్ల దినోత్సవం జరిపి ప్రతిజ్ఞ చేయించాం. 17 నిండిన పిల్లలు ముందే దరఖాస్తు చేసుకోవచ్చని, జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబర్ ఒకటో తేదీల్లో ఏ తేదీకి 18 నిండితే అప్పటి నుంచి ఓటొస్తుందని చెప్పాం. పిల్లలు బాగానే వచ్చారు. పిలిచిన అధికారి రాలేదు.

రక్తదాన శిబిరం, మొక్కల కార్యక్రమం ఎప్పటిలాగే జరిగాయి. జమాఖర్చులు కోశాధికారిగారు చదువుతారు. ఆడిటరు చూశారు, అభ్యంతరాలేమీ లేవు. జెరాక్స్ పద్దు పెరిగిందేమిటని అడిగేవారికి జవాబు పైనే ఉంది.

జాబితా చదివే సభ ఇకనుంచి ఎన్నికలు ఉన్నా లేకున్నా ఏటా ముసాయిదా జాబితా వచ్చిన వారంలోనే పెట్టాలని కార్యవర్గం ప్రతిపాదిస్తోంది. సభ ఆమోదిస్తే చదవడానికి ఇద్దరు, రాసుకోవడానికి ఇద్దరు కావాలి. పేర్లు ఈరోజే, ఈ కాగితం మీదే రాయండి. గ్రూపులో వద్దు.

– కార్యదర్శి