ఆ 5 మిల్లీమీటర్ల సంగతి

శ్రీకాకుళం

ఒరే బావా,

మొన్న నువ్వు ఫోన్ చేసినప్పుడు మా అమ్మాయి పక్కనే ఉంది. అందుకే పొడిపొడిగా మాట్లాడాను. ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నాను.

పెద్దపేగు క్యాన్సర్‌కి ఆపరేషన్, కీమోలు అయ్యాక చేసే సీటీ స్కాన్‌లో కుడి ఊపిరితిత్తిలో 5 మిల్లీమీటర్ల మచ్చ కనపడింది. అదేమిటో ఇప్పుడే చెప్పలేమనీ, మూడు నెలలాగి మళ్లీ తీద్దామనీ అన్నారు. నాకు కోపమొచ్చింది. ఉంటే ఉందనాలి, లేకపోతే లేదనాలి గానీ ఈ నానబెట్టడమేమిటి? పెట్ స్కాన్ చేసేయండి, ముక్క తీసి పరీక్షకి పంపండి అని పట్టుబట్టాను.

డాక్టరుగారు విసుక్కోకుండా కాగితం మీద గీసి చూపించారు. పెట్ స్కాన్‌లో క్యాన్సర్ ఉన్నచోటు వెలిగినట్టు కనపడుతుందట, కానీ 8 మిల్లీమీటర్లలోపు వాటిని అది సరిగా పట్టలేదట. మచ్చ వెలగకపోయినా క్యాన్సర్ కాదని నమ్మడానికి లేదు. అంత చిన్నదాన్ని సూదితో అందుకోవడమూ కష్టమే. పైగా ఎప్పుడో మనకి తెలియకుండానే వచ్చి మానిపోయిన టీబీ కూడా ఇలాంటి మచ్చలే వదిలిపోతుంది. పాత మచ్చయితే అలాగే ఉంటుంది, క్యాన్సరైతే పెరుగుతుంది. 5 మిల్లీమీటర్లది 6.3 అయితే పైకి రవ్వంత తేడాయే, కానీ అన్నివైపులా పెరుగుతుంది కాబట్టి ఘనపరిమాణం రెట్టింపైనట్టు! నాలుగు రోజులకే మళ్లీ తీస్తే ఆ తేడా తెలియదు. అందుకే ఈ గడువు. పాత స్కాన్ సీడీ జాగ్రత్తగా ఉంచమన్నారు, పక్కపక్కన పెట్టి చూడ్డానికి.

ఒకవేళ పెరిగితే? అదీ అడిగాను. పెద్దపేగు నుంచి ఊపిరితిత్తికి వచ్చినవి ఒకటో రెండో అయితే కోసి తీసేసే వీలుంటుందట, అలా బాగుపడినవాళ్లూ ఉన్నారట. బావా, ఆ మాట విన్నాకే ఆ రాత్రి నిద్రపోయాను. ఇప్పటికి సీఈఏ అని, ఈ క్యాన్సర్ జాడ కోసం చేసే రక్తపరీక్ష కూడా మామూలుగానే ఉంది.

టెన్షన్ లేదని నీకు అబద్ధం చెప్పను. చిన్న దగ్గొచ్చినా గుండె గుభేలుమంటుంది. రాత్రిపూట ఫోన్లో వెతకడం మాత్రం మానేశాను, అక్కడ దొరికే కథలేవీ నా స్కాన్ చూసి రాసినవి కావు. చుట్టాల్లో ఒకాయన మందులు ఆపి ఆకుపసరు తాగమన్నాడు. ప్రేమతోనే అన్నాడు, కానీ నేను ఒప్పుకోలేదు.

మీ చెల్లెలు పొద్దున్నే చోడి అంబలి చేతిలో పెట్టి, తాగేదాకా కదలదు. ఆదివారం అరసవల్లి వెళ్లొస్తోంది. నాకు ఓపికున్నప్పుడు నేనూ వెళ్తున్నాను. సాయంత్రం నాగావళి వంతెన దాకా నడుస్తాను. కీమో తాలూకు తిమ్మిరి పాదాల్లో ఇంకా ఉంది, చన్నీళ్లు తగిలితే వేళ్లు జివ్వుమంటాయి, అయినా నడక మానను. ఆ మచ్చ ఏదైనా కానీ, ఈ మూడు నెలలూ నావే కదా! పెరట్లో ఆనపపాదు కూడా పెట్టాను.

నీ సాయం ఒకటి కావాలి. స్కాన్‌కి విశాఖ వెళ్లే రోజు నువ్వు నాతో రావాలి. రిపోర్టు వచ్చేదాకా ఆ బెంచీ మీద నా పక్కన మాట్లాడుతూ కూర్చోవాలి. మా ఆవిడ ముందు ధైర్యంగా కనపడాలని పళ్లు బిగించుకుని కూర్చుంటాను, నీ ముందు ఆ అవసరం లేదు. ముందురోజే మా ఇంటికి వచ్చెయ్. పొద్దున్న ఆమదాలవలసలో కలిసి రైలెక్కుదాం. వదినగారిని, పిల్లల్ని అడిగానని చెప్పు.

నీ బావ