అట్లాంటా నుంచి నాన్నగారికి

పూజ్యులైన నాన్నగారికి,

నమస్కారములు. అమ్మ ఆరోగ్యం కుదుటపడిందని అన్నయ్య ఫోనులో చెప్పిన తరువాత మనసు తేలికపడింది. ఇక్కడ మేమందరం క్షేమంగా ఉన్నాము.

మొన్న శనివారం మా పక్కింటావిడతో కలిసి ‘ది వుమన్ కింగ్’ అనే చిత్రం చూశాను. జీనా ప్రిన్స్-బైథ్‌వుడ్ దర్శకత్వంలో 2022లో వచ్చిన ఈ చిత్రం, 1823 నాటి దహోమీ రాజ్యంలో, అంటే నేటి బెనిన్ దేశంలో, అగోజీలనే స్త్రీ సైనికుల కథ. మొదటి సన్నివేశంలోనే చీకట్లో ఎత్తయిన గడ్డిలోంచి సేనాని పాత్రధారిణి వయోలా డేవిస్ మెల్లగా లేచి నిలబడుతుంది. ఆమె వెనుక మిగిలిన స్త్రీలు లేస్తారు. అప్పుడు పక్కింటావిడ నా చేయి పట్టుకుని, చిత్రం సగానికి వచ్చేదాకా వదలలేదు. తన రంగు, తన జుట్టు ఉన్న స్త్రీలను చిన్నప్పుడు తెరమీద దాసీలుగా, వంటమనుషులుగా మాత్రమే చూశానని తరువాత చెప్పింది.

రుద్రమదేవిని శాసనాలు రుద్రదేవ మహారాజని మగపేరుతో పిలిచాయని మీరు పాఠం చెప్పిన రోజు నాకు గుర్తుకు వచ్చింది. కమ్మరి ఇనుమును కాల్చి రూపు మార్చినట్టు తాము స్వభావం మార్చుకున్నామని, ఇక తాము స్త్రీలం కాము, పురుషులమని అగోజీలు చెప్పుకున్నట్టు 1850 ప్రాంతంలో దహోమీకి వెళ్లిన ఫోర్బ్స్ అనే ఇంగ్లీషు నౌకాదళాధికారి రాశాడు. ఆడదాని పరాక్రమానికి అక్కడా మగపేరే కావలసి వచ్చింది. ఈ చిత్రంలో వాళ్లు స్త్రీలుగానే పోరాడతారు. అది నాకు ఎంతో నచ్చింది.

నన్ను బాధపెట్టినది మరొకటి. బానిసల వ్యాపారం మానుకుని పామాయిల్ అమ్ముకుందామని సేనాని రాజు గెజోను ఒప్పించే ప్రయత్నం చేస్తుంది. చిత్రం ఆ దారినే సాగుతుంది. కానీ అసలు గెజో 1852లో ఆ వ్యాపారం మానుకుంటానని ఒప్పందానికి దిగినది బ్రిటిష్ నౌకాదళం తన తీరాన్ని దిగ్బంధించిన తరువాతనే. ఆ పామాయిల్ తోటల్లో చాకిరీ చేసినదీ బానిసలే. అగోజీలు స్వయంగా ఊళ్లమీద పడి మనుషులను పట్టి తెచ్చేవారు. 1860లో క్లోటిల్డా అనే ఓడలో బానిసగా ఇక్కడి అలబామా రాష్ట్రానికి చేరిన కొసోలా అనే ఆయన, తన ఊరిమీద దాడి చేసినవారిలో స్త్రీ సైనికులు ఉన్నారని ముసలితనంలో చెప్పుకున్నాడు.

పక్కింటావిడ పుట్టిల్లు అలబామా. తన పూర్వీకులను ఎవరు పట్టారో, ఏ రేవులో అమ్మారో ఆ ఇంట ఎవరికీ తెలియదు. గర్వంతో ఆవిడ కళ్లు చెమర్చిన ఆ రాత్రి నేను ఈ సంగతి ఎత్తలేకపోయాను. మర్నాడు ఆవిడే అడిగింది, దాచకుండా చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, ఆ స్త్రీలను చూడకుండా ఉండాలని తనకు లేదని, కానీ ఇతరులకు సంకెళ్లు వేసిన ఆ స్త్రీల చేతులు కూడా తెరమీద చూపించి ఉండవలసిందని అంది. నా అభిప్రాయమూ అదే, నాన్నగారూ.

కొసోలా, ఆయన తోటివారు అలబామాలో కట్టుకున్న ఆఫ్రికాటౌన్ అనే ఊరు ఇక్కడికి కారులో అయిదు గంటల దూరం. వచ్చే నెల ఇద్దరం కలిసి వెళ్తున్నాము. అక్కడి విశేషాలు వచ్చే ఉత్తరంలో రాస్తాను. అమ్మను మందులు వేళకు వేసుకోమనండి.

మీ అమ్మాయి