లోగో నిధి జమా ఖర్చుల వివరణ

దాతలకు, సభ్యులకు నమస్కారం. మన తెలుగు స్పెల్ చెకర్ ప్రాజెక్టుకు వచ్చిన డబ్బు, అయిన ఖర్చు పైసలతో సహా ఇక్కడ పెడుతున్నాం. "ఒక్క లోగోకి రెండుసార్లు డబ్బులు కట్టారట" అన్న మాట మా చెవిన పడింది. నిజమే, కట్టాం. ఎందుకు కట్టామో చెప్పాల్సిన బాధ్యత మాది.

జమ: 58 మంది నుంచి 74,200 రూపాయలు. వంద పంపిన డిగ్రీ పిల్లల దగ్గర్నుంచి ఐదువేలు పంపిన రిటైర్డ్ తెలుగు మాస్టారి దాకా అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. అమెరికా పౌరసత్వం తీసుకున్న మనవాళ్లు కొందరు ఇస్తామన్నా వద్దన్నాం, విదేశీ విరాళాల చట్టం కింద మన సంఘానికి రిజిస్ట్రేషన్ లేదు. దయచేసి అపార్థం చేసుకోవద్దు.

ఖర్చు: సర్వర్, డొమైన్ రెండేళ్లకు 11,800. పరీక్షలకు పాత ఫోన్ 4,500. విజయవాడ సమావేశానికి హాలు అద్దె, టీ టిఫిన్లు 3,900. స్టిక్కర్లు, బ్యానర్ 6,200. ట్రేడ్‌మార్క్ దరఖాస్తు 9,000. మొదటి లోగో 12,000. రెండో లోగో 18,000. మొత్తం 65,400. చేతిలో ఉన్నది 8,800.

ఇక లోగో సంగతి. ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్‌కి గుర్తైన పెంగ్విన్ టక్స్‌ని 1996లో లారీ యూయింగ్ గింప్ అనే బొమ్మల సాఫ్ట్‌వేర్‌లో ఊరికే గీసిచ్చారు కదా, మనకెందుకు ఖర్చు అని అడిగారు. మేమూ ముందు ఉచితంగానే అడిగాం. నలభై రోజుల్లో పదకొండు బొమ్మలొచ్చాయి. వాటిలో ఒక్కదానికీ ఎస్‌వీజీ ఫైల్ (ఎంత పెద్దది చేసినా చెదరని బొమ్మ ఫైల్) లేదు, పెద్దది చేస్తే గళ్లుగళ్లుగా విడిపోయాయి. అప్పుడే ఒక కుర్రాడికి పని అప్పగించాం. "తె" అక్షరంతో చక్కగా చేసిచ్చాడు. డబ్బు కట్టాం, స్టిక్కర్లూ వేయించాం. ఆ తర్వాత తెలిసింది, ఆ అక్షరం తీసుకున్న ఫాంట్‌కి "వ్యక్తిగత వాడకానికి మాత్రమే" అన్న షరతు ఉందని. 2006లో ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ లోగో లైసెన్స్ దగ్గర పేచీ వచ్చి, లినక్స్‌ని పంచే డెబియన్ వాళ్లు ఆ బ్రౌజర్ పేరే మార్చి ఐస్‌వీజిల్ అని ఇవ్వాల్సి వచ్చింది. తెలిసి తెలిసి మనం ఆ గోతిలో పడలేం.

కుర్రాడి దగ్గర డబ్బు వెనక్కి తీసుకోమన్నారు కొందరు. తీసుకోలేదు. స్వేచ్ఛా ఫాంట్లే (ఎవరైనా ఎందుకైనా వాడుకోగలిగేవి) వాడాలని మేం రాసివ్వలేదు, తప్పు మాది. అతను నెల రోజులు కష్టపడ్డాడు. పనికిరాకుండా పోయిన స్టిక్కర్ల విలువ 2,400, అదీ మా తొందరపాటే.

రెండోసారి అక్షరాలు రాయడంలో చెయ్యి తిరిగిన ఒకావిడ కాగితం మీద ఇండియన్ ఇంకుతో అరసున్న గీసిచ్చారు. దాన్ని ఇంక్‌స్కేప్ అనే గీతల సాఫ్ట్‌వేర్‌లో గీతగీతా దిద్దాం. అరసున్న ఎందుకంటే, పాత "తె"ని బ్రౌజర్ ట్యాబ్‌లో పదహారు పిక్సెళ్లకు కుదిస్తే ఎత్వం, అక్షరం కలిసిపోయి నల్లమచ్చలా కనిపించింది. అరసున్న అంత చిన్న సైజులోనూ నిలబడింది. ఇంగ్లిష్ "సీ"లా ఉందన్నవాళ్లున్నారు. "వాఁడు", "వీఁడు" అని చదువుకున్నవాళ్లకు అలా అనిపించదు. కంప్యూటర్లలో అక్షరాలకు సంకేతాలిచ్చే యూనికోడ్‌లో తెలుగు గుర్తుల మొదట్లోనే ఉంటుంది పాపం, వాడేవాళ్లే లేరు. మన లోగోగానైనా రోజూ కంటబడుతుంది. బొమ్మ క్రియేటివ్ కామన్స్ లైసెన్స్‌తో (అందరూ వాడుకోవచ్చని ముందే ఇచ్చే అనుమతి) అందరిదీ.

ట్రేడ్‌మార్క్ ఒక సభ్యుడి పేర వేస్తే 4,500తో పోయేది. కానీ ఈ గుర్తు ఏ ఒక్కరి సొత్తూ కాకూడదని సంఘం పేరనే, ట్రేడ్‌మార్కుల్లో సాఫ్ట్‌వేర్ వచ్చే తొమ్మిదో తరగతిలో వేశాం. ఫారం మన సభ్యుడే నింపాడు, ఏజెంట్‌కి ఒక్క రూపాయి కూడా ఇవ్వలేదు.

ఇస్తామని చెప్పి ఇంకా ఇవ్వని తొమ్మిది మంది దగ్గర 13,500 ఆగి ఉంది. పేర్లు వేయడం మాకిష్టం లేదు. కొత్త స్టిక్కర్లు ఆ డబ్బుతోనే వేయించాలి. రసీదులు, బ్యాంకు స్టేట్‌మెంట్, అరసున్న గీసిన అసలు కాగితం కోశాధికారి దగ్గరున్నాయి, ఏ ఆదివారమైనా వచ్చి చూసుకోవచ్చు.