చూపించిన ధరే కట్ అవ్వాలి

మెల్‌బోర్న్

చిరంజీవి తమ్ముడికి,

అప్ప ఆశీస్సులు. ఇక్కడ అందరం బాగున్నాం. నాన్న మోకాలి నొప్పి తగ్గిందని అమ్మ చెప్పింది. అయినా ఒకసారి విజయనగరం తీసుకెళ్లి డాక్టరుకి చూపించు.

నీ వెబ్‌సైట్ చూశాను. బొబ్బిలి దగ్గరి గొల్లపల్లి నుంచి తెచ్చిన చిన్న వీణల ఫోటోలు ఎంత బాగా తీశావురా! బొబ్బిలి వీణని ఒకే పనస దుంగ తొలిచి చేస్తారని నువ్వు రాసిన నాలుగు ముక్కలు చదివి ఇక్కడ మా స్నేహితులు చాలా ముచ్చటపడ్డారు. కానీ ధర దగ్గరికి వచ్చేసరికి ఆగిపోతున్నారు. 4,400 రూపాయలంటే ఎంతో నాకు తెలుసు. ఇక్కడే పుట్టి పెరిగిన మనవాళ్ల పిల్లలకి తెలియదు. ఫోన్‌లో లెక్క చూసుకునేలోపే కొందామన్న ఉత్సాహం సగం పోతుంది. అందుకని ఎవరి దేశం డబ్బుల్లో వాళ్లకి ధర చూపించాలన్న నీ ఆలోచన మంచిదే. అది ఎలా చేస్తావన్న దగ్గరే నాకు పట్టింపు. వెబ్‌సైట్ చేసే కుర్రాడికి కూడా చూపిస్తావని ఇలా రాసి పంపుతున్నాను.

అతను పెడతానంటున్నది రోజూ మారకం రేటు తెచ్చుకుని రూపాయల ధరని డాలర్లలోకి మార్చి చూపించే ప్రోగ్రాం. చూపించేది డాలర్లు, తీసుకునేది మాత్రం రూపాయలు. ఇది నాకు నచ్చలేదు. ఆస్ట్రేలియా డాలర్ 55 రూపాయలనుకో, పేజీలో 80 డాలర్లని కనిపిస్తుంది. కొనేవాళ్లు 80 అనుకునే కార్డు నంబర్ కొడతారు. తీరా బ్యాంకు తన రేటుతో లెక్క కట్టి, పైన విదేశీ లావాదేవీ ఫీజు వేస్తుంది. రేటు అదే ఉన్నా, ఫీజు 3 శాతమైతే 82 డాలర్ల 40 సెంట్లు. రెండు డాలర్లేగా అంటావేమో. 80 అని చెప్పి ఎక్కువ లాగారనే మాట వస్తుంది తమ్ముడూ. ఆ మాట బ్యాంకుకి తగలదు, గొల్లపల్లిలో ఉలి పట్టుకున్న మనిషికి తగులుతుంది.

వాపసు ఇచ్చేటప్పుడు ఇంకా బాధ. మా పక్కింటావిడ ఒక ఆన్‌లైన్ దుకాణంలో శాలువా కొని వెనక్కి పంపింది. వాళ్లు తీసుకున్న రూపాయలు తీసుకున్నట్టే ఇచ్చేశారు. ఈలోగా రేటు మారడంతో ఆవిడకి డాలర్లు తగ్గి వచ్చాయి. దుకాణం వాళ్ల తప్పు లేదని ఆవిడకి ఎవరు చెప్పగలరు?

అందుకే మనవాళ్లు ఎక్కువున్న నాలుగైదు దేశాలకి ధరలు నువ్వే విడివిడిగా నిర్ణయించి పెట్టు. ఆస్ట్రేలియాకి 85 డాలర్లంటే 85, పేజీలోనూ అంతే, కార్డులోనూ అంతే, వాపసులోనూ అంతే. విదేశీ కరెన్సీలో తీసుకుని నీ ఖాతాలో రూపాయలు వేసే పేమెంట్ గేట్‌వేలు మన దేశంలో ఉన్నాయి. మార్చినందుకు వాళ్లు కొంత పట్టుకుంటారు కాబట్టి ఆ తేడా ధరలోనే కలుపుకో. నెలకోసారి రేటు చూసి, బాగా మారితేనే ధర మార్చు. దుబాయ్‌కి అంత టెన్షన్ లేదు. దిర్హామ్‌ని 1997 నుంచి అమెరికా డాలర్‌కి 3.6725 దగ్గర కట్టేశారు, అమెరికా ధర మార్చినప్పుడు అదీ మార్చితే సరిపోతుంది. మిగతా దేశాలకి రూపాయల్లోనే ఉంచి, పక్కన "సుమారుగా" అని రాసి వాళ్ల డబ్బుల్లో చూపించు. అది నిజాయితీగా ఉంటుంది.

ఇంకొకటి, ఇక్కడ కొన్ని బ్యాంకులు ఆస్ట్రేలియా డాలర్లలోనే కట్టినా, దుకాణం వేరే దేశంలో ఉందని ఫీజు వేస్తాయి. అది నీ చేతిలో లేదు. కార్డు నంబర్ అడిగే చోటే ఆ సంగతి ఒక్క వాక్యంలో చెప్పెయ్.

ఉత్త డాలర్ గుర్తు పెట్టవద్దు. సింగపూర్, కెనడా, ఆస్ట్రేలియా అన్నింటికీ అదే గుర్తు, ఏ దేశం డాలరో పక్కన రాయించు. సోంపేట పిన్ని కొడుకు కువైట్‌లో ఉన్నాడుగా, అక్కడ దినారుకి వెయ్యి ఫిల్స్, అంటే చుక్క తర్వాత మూడు అంకెలు. జపాన్ యెన్‌కి అసలు చుక్కే ఉండదు. ధరని పైసల్లోకో సెంట్లలోకో మార్చడానికి అన్నింటినీ వందతో గుణించే ప్రోగ్రాం రాస్తే యెన్ ధర వంద రెట్లు అవుతుంది. ఈ ఒక్కటీ ఆ కుర్రాడిని గట్టిగా అడుగు.

మాలాంటి వాళ్ల సంగతి కూడా చూడు. పైడితల్లి సిరిమానోత్సవం నాటికి అమ్మానాన్నలకి ఏదైనా పంపాలని ఇక్కడి నుంచి ఆర్డర్ పెడతాం. కట్టేది ఆస్ట్రేలియా డాలర్లు, పార్సిల్ వెళ్లేది విజయనగరం. చిరునామా మన జిల్లాలో ఉందని ధర రూపాయల్లోకి మారిపోకూడదు, నేను మెల్‌బోర్న్‌లో ఉన్నానని విదేశీ కొరియర్ ఛార్జీ పడకూడదు. ఆఫీసు కంప్యూటర్ నుంచి చూస్తే కొన్నిసార్లు మనం వేరే దేశంలో ఉన్నట్టు కనిపిస్తుంది. కాబట్టి వెబ్‌సైట్ దేశాన్ని ఊహించి చూపించినా, మార్చుకునే వీలు పేజీ పైనే ఉండాలి.

అమెరికా ధర పెట్టే ముందు మాత్రం కొరియర్ వాళ్లతో మాట్లాడు. 800 డాలర్ల లోపు పార్సిళ్లకి ఉన్న సుంకం మినహాయింపుని 2025 ఆగస్టు 29 నుంచి ఆపేశారు. సుంకం ఎవరు కట్టాలో ధర పక్కనే రాయాలి. వీణ గుమ్మం దాకా వచ్చాక మళ్లీ డబ్బు అడిగితే ఎవరికైనా కోపం వస్తుంది. ఎగుమతి కాగితాలు, జీఎస్టీ సంగతి మన ఆడిటర్ గారు చూసుకుంటారు.

కొత్త ధరలు పెట్టగానే చెప్పు. మొదటి వీణ నేనే కొంటాను. నా కార్డులో ఎంత కట్ అయిందో ఫోటో తీసి పంపుతాను, పేజీలో ఉన్న అంకెతో సరిపోయిందో లేదో మీరిద్దరూ చూసుకోండి. అమ్మకీ నాన్నకీ నా నమస్కారాలు చెప్పు.

ఇట్లు,
అప్ప