పెరట్లో కొబ్బరి మొదళ్లు తీయించిన అన్నకు

2018 అక్టోబరులో తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో మా పెరటి కొబ్బరి చెట్లు రెండింటిని పడగొట్టింది. మొదళ్లు అలాగే ఉండిపోయాయి. కుళ్లిన కొబ్బరి మొదట్లో కొమ్ము పురుగు గుడ్లు పెడుతుంది, వాటి పిల్లలు పెద్దవయ్యాక పక్క చెట్ల మొవ్వు తినేస్తాయి. అదే నా టెన్షన్.

రోహిణి కార్తె ఎండలో ఒక్కడినే గునపంతో తంటాలు పడుతుంటే మీరు సైకిల్ ఆపారు. కొబ్బరికి తల్లివేరు ఉండదని, చుట్టూ గుండ్రంగా తవ్వి పీచువేళ్లు తెగ్గొట్టాలని చూపించారు. సాయంత్రం నీళ్లు పోసి మట్టి నానబెట్టమన్నారు. మర్నాడు తెల్లారకముందే మళ్లీ వచ్చారు! ఎండెక్కేలోపు రెండూ పెకిలించాం.

డబ్బులిస్తే తీసుకోలేదు. అమ్మ ఇచ్చిన మజ్జిగ తాగి వెళ్లిపోయారు, పేరు అడగడం కూడా మరిచిపోయాను. అన్నా, మీకు మా ఇంటిల్లిపాదీ దండాలు. తొలకరికి అక్కడే కొబ్బరి మొక్కలు నాటుతున్నాం, ఒకసారి వచ్చి చూడండి.