కర్నూలు పెద్దాసుపత్రి సిస్టరమ్మలకు, మా ఇంటి నుంచి

పేర్లు రాయొద్దన్నారు కాబట్టి రాయడం లేదు. కర్నూలు పెద్దాసుపత్రి మానసిక వైద్య విభాగంలో ఆడవాళ్ళ వార్డు చూసుకునే సిస్టరమ్మలకు, ముఖ్యంగా పొద్దుటి డ్యూటీ పెద్ద సిస్టరుకు, ఈ నాలుగు మాటలు చేరాలని రాస్తున్నా. పెట్టే ముందు మా చెల్లెలికి చూపించాను. రెండు వాక్యాలు తీసేయమంది, తీసేశాను. మిగతాది పెట్టుకోమంది.

చెల్లెలికి ఇరవై రెండేళ్ళు. డిగ్రీ రెండో ఏడు నుంచి మా ఇంట్లో ఏ పూట ఎట్లా ఉంటుందో తెలిసేది కాదు. పొద్దున నన్ను గట్టిగా పట్టుకుని "నువ్వు లేకపోతే నేను లేనక్కా" అనేది. మధ్యాహ్నం నేను ఫోన్ ఎత్తడం పది నిమిషాలు ఆలస్యమైతే "నీకు మొదట్నుంచీ నేనంటే పడదు" అని నంబరు బ్లాక్ చేసేది. రాత్రికి తన చేతిని తనే గాయపరచుకునేది. అమ్మ పత్తికొండ నుంచి వచ్చి మంత్రాలయంలో మూడు రాత్రులు నిద్ర చేయించింది. నేనైతే "నాటకాలు ఆపు" అన్నాను. ఒకసారి కాదు, చాలాసార్లు అన్నాను. ఆ మాట ఇప్పటికీ గొంతులో ముల్లులా ఉంది.

అంతకుముందు వేరే ఒక ఆసుపత్రిలో కట్టు కట్టినామె "మళ్ళీ వచ్చినావా? ఎవరి కంట పడాలని ఇదంతా?" అనింది. ఆ రోజు నుంచి పిల్ల గాయాలు దాచడం మొదలుపెట్టింది. కర్నూలు ఎండలో, మే నెలలో, మణికట్టు దాకా చేతులున్న చుడీదార్ వేసుకుని తిరిగేది. నాకు అనుమానం కూడా రాలేదు.

పోయిన ఏడాది ఒక రాత్రి పరిస్థితి చేయి దాటిపోయింది. ముందు ఎమర్జెన్సీ, రెండు రోజులకు మానసిక వార్డు. అమ్మ ఏడుపంతా పోలీసు కేసు గురించే. "కేసు రాస్తే పిల్ల పెళ్ళి ఏం గావాల?" అని వార్డు మెట్ల మీద కూలబడింది. అక్కడే సిస్టరమ్మ పక్కన కూర్చుని, 2017లో వచ్చిన మానసిక ఆరోగ్య చట్టం ఇట్లా చేసుకున్నవాళ్ళను తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవాళ్ళుగానే చూడమంటుందనీ, శిక్షించడానికి కాదు, చూసుకోవడానికి ఉందనీ చెప్పింది. అమ్మ ఆ రాత్రి అన్నం తినింది.

డాక్టరుగారు జబ్బు పేరు బార్డర్‌లైన్ పర్సనాలిటీ డిజార్డర్ అన్నారు. ఇది పిచ్చి కాదు, పొగరు కాదు, పెంపకంలో ఏదో ఒక్క తప్పు వల్ల వచ్చిందీ కాదు. మనకు గీసుకుపోయినట్టు తగిలే మాట వీళ్ళకు కాలినట్టు తగులుతుందట. మంట చల్లారడానికి కూడా ఎక్కువసేపు పడుతుందట. వదిలేసి పోతారన్న భయం ఎప్పుడూ లోపల ఉంటుంది. ఈ జబ్బుకని ప్రత్యేకంగా మాత్ర లేదు, దిగులుకూ నిద్రకూ కొన్ని ఇస్తాం, అసలు వైద్యం మాటలతోనే అన్నారు. ఆ మాటలు రోజుకు పావుగంట చెప్పేది డాక్టరు. మిగతా ఇరవై మూడు గంటల ముప్పావు ఎవరితో గడుస్తుందో వార్డులో ఉన్నవాళ్ళకే తెలుసు.

మొదటి రోజు డ్రెస్సింగ్ నా కళ్ళముందే జరిగింది. సిస్టరు ట్రే తెచ్చి పెట్టింది. పాత గాజుగుడ్డ అతుక్కుపోయి ఉంటే లాగలేదు, సెలైన్‌తో తడిపి, అది దానంతటది ఊడేదాకా ఆగింది. "ఎందుకు చేసుకున్నావ్" అని అడగలేదు. అయ్యో పాపం అని బుగ్గలు నిమరలేదు. "ఇది రెండు రోజులు తడపొద్దు. రేపు పదింటికి మళ్ళీ మారుస్తా" అని మాత్రం అనింది. ప్లాస్టరు అంటించి, చేతులు కడుక్కుని వచ్చి, స్టూలు లాక్కుని కూర్చుంది. "పుండు పని అయిపాయ. ఇప్పుడు నువ్వు చెప్పు. పావుగంట ఉంటా" అనింది. పావుగంట కాగానే లేచింది. చెల్లెలు ఏడుస్తూ కొంగు పట్టుకుంది. ఆమె విదిలించుకోలేదు, మళ్ళీ కూర్చోనూ లేదు. "నాలుగింటికి వస్తా" అనింది.

మూడున్నర నుంచి పిల్ల గోడ గడియారం వైపే చూస్తా ఉంది. నాలుగు అయింది. రాలేదు. చెల్లెలి ముఖం మారిపోవడం నాకు తెలిసిపోయింది, ఆ తర్వాత ఏమొస్తుందో కూడా తెలుసు. నాలుగూ ఐదుకు సిస్టరమ్మ గబగబా వచ్చి "ఐదు నిమిషాలు ఆలస్యమాయ. పక్క అవ్వకు సెలైన్ మార్చి వచ్చినా" అనింది. అంతే. మా ఇంట్లో మేమెవరం ఎన్నడూ ఆ పిల్లకు ఆలస్యానికి కారణం చెప్పి ఎరగం. "నీకెందుకు, వచ్చినా కదా" అనేవాళ్ళం. వారం ఆఫ్ తీసుకునే ముందు కూడా రెండు రోజుల ముందే చెప్పి, తన బదులు వచ్చే సిస్టరును మంచం దగ్గరికి తీసుకొచ్చి పరిచయం చేసింది.

ఇంకో సంగతి. నాలుగో రోజుకు చెల్లెలికి పొద్దుటి సిస్టరు దేవత, రాత్రి సిస్టరు రాక్షసి అయిపోయింది. రాత్రామె ఫోన్ ఇవ్వలేదని నాకు చాడీలు చెప్తే, నేను నమ్మి గొడవకు పోయాను. పెద్ద సిస్టరు నన్ను పక్కకు పిలిచి "నన్ను దేవతను చేస్తే సంతోషపడేదానికేం లేదమ్మా, రేపు నేనే రాక్షసి. మేమందరం ఒకటే మాట మీద ఉంటాం" అనింది. డ్యూటీ మారేటప్పుడు ఎవరేం ఒప్పుకున్నారో, ఏం కాదన్నారో ఒకరికొకరు చెప్పుకుంటారట. ఫోన్ రాత్రి తొమ్మిది దాకే అంటే మూడు షిఫ్టుల్లోనూ తొమ్మిది దాకే. ఇంట్లో మేం చేసింది దీనికి సరిగ్గా ఉల్టా: అమ్మ కాదన్నది నేను ఇచ్చేదాన్ని, నేను కాదన్నది నాన్న ఇచ్చేవాడు. రాత్రి డ్యూటీ సిస్టరమ్మా, ఆ రోజు గట్టిగా మాట్లాడాను. క్షమించండి.

నాకూ గట్టిగానే చెప్పారు. నేను రాత్రంతా కళ్ళు మూయకుండా కాపలా ఉంటే, "పది రోజులు కాస్తావు, పదకొండో రోజు పడిపోతావు. అప్పుడు అక్క కూడా వదిలేసిందనుకుంటుంది పాప. చేయగలిగినంతే ఒప్పుకో, ఒప్పుకున్నది తప్పొద్దు" అన్నారు. ఆ రాత్రి వరండాలో చాప వేసుకుని పడుకున్నాను. ఎన్ని నెలల తర్వాత నిద్రపోయానో.

వార్డుకు వచ్చే సైకాలజిస్టు మేడం చెప్పిన ఒక సంగతి చెల్లెలు నోటుబుక్కులో రాసి కింద రెండు గీతలు గీసుకుంది. ఈ జబ్బుకు డీబీటీ (డయలెక్టికల్ బిహేవియర్ థెరపీ) అనే మాటల చికిత్సను తయారుచేసిన మార్షా లినెహాన్, తానే పదిహేడేళ్ళప్పుడు మానసిక ఆసుపత్రిలో ఉన్నానని 2011లో అందరికీ చెప్పారట. "అక్కా, మందు కనిపెట్టినామె కూడా నా మాదిరే ఉండె" అనింది. అంత వెలుగు ఆ ముఖంలో నేను చూసి చాలా కాలమైంది.

ఇంటికి పంపే రోజు సిస్టరమ్మ, చెల్లెలు కలిసి ఒక కాగితం రాశారు. లోపల ఉడుకు మొదలైనట్టు ఎట్లా తెలుస్తుంది, అప్పుడు ముందు ఏం చేయాలి, తగ్గకపోతే ఎవరికి చెప్పాలి. ముఖం మీద చల్లటి నీళ్ళు, డాబా మీద నడక, అక్కకు ఫోన్, ఆ తర్వాత టెలీ మానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) 14416. పగలూ రాత్రీ ఎప్పుడు చేసినా తెలుగులో మాట్లాడతారు, డబ్బులు పడవు. ఇంట్లో ఇట్లాంటి పిల్ల ఉన్నవాళ్ళెవరైనా చదువుతుంటే ఆ నంబరు రాసి పెట్టుకోండి. మా కాగితం బీరువా తలుపుకు అంటించి ఉంది. ఇంట్లో మాత్రలన్నీ బీరువాలో పెట్టి తాళం వేయమన్నది కూడా ఆమే.

అంతా బాగైపోయిందని రాయను. మధ్యలో రెండుసార్లు వెనక్కి జారింది. కానీ రెండుసార్లూ దాచలేదు, తనే చెప్పింది. పోయిన నెల రాత్రి పదకొండింటికి ఫోన్ చేసి "అక్కా, నీళ్ళు కొట్టుకున్నా, నడిచినా, తగ్గలే. పావుగంట మాట్లాడు" అనింది. మాట్లాడాను. పావుగంటకు "పొద్దున ఆరింటికి చేస్తా" అని చెప్పి పెట్టేశాను. పెట్టేసేటప్పుడు చెయ్యి వణికింది. ఐదూ యాభైకి అలారం పెట్టుకుని, సరిగ్గా ఆరింటికి చేశాను. మొదటి రింగుకే ఎత్తింది.

సిస్టరమ్మా, వచ్చే గురువారం ఓపీకి వస్తున్నాం. పదింటికల్లా వార్డు గుమ్మం దగ్గర ఉంటాం. అమ్మ ఓళిగలు చేసి పంపుతానంటోంది. పొట్టి చేతుల చుడీదార్ ఒకటి కుట్టించుకుంది మీ పాప. అది వేసుకుని వస్తుందట.